దొంగ కొమ్మ

ఒహాకా పట్టణంలో ఆ పొద్దున పెరటి గోడ దగ్గర కత్తెర చప్పుడు వినబడి ఫెర్మిన్ బయటికొచ్చాడు. వీధంతా ఘుమాయించే తీగ గులాబీ కింద పక్కింటి ఎవులాలియా ఏప్రన్‌లో ఏదో దాచుకుంటోంది.

"ఏంటి వదినా, దాస్తున్నావు?"

"ఏం లేదు. నువ్వు లోపలికి పో."

"కొమ్మ కావాలంటే అడగొచ్చుగా, ఇవ్వనన్నానా?"

"అడిగి తెచ్చుకున్న కొమ్మ నాటుకోదు. దొంగిలిస్తేనే వేరు పట్టేది. ఈ ఊళ్లో పుట్టి ఆమాత్రం తెలీదా?"

"తెలీకేం! మా ఆవిడ చబేలా కూడా ఈ తీగని దొంగిలించే తెచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"మీ పెరట్లోంచే. తను పోయేదాకా నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"అమ్మ దొంగా! ఎండలకి నా తీగ మాడిపోతే నా పక్కన కూర్చుని ఏడ్చింది కూడా!"

"ఆ ఏడుపు మాత్రం నిజమే వదినా."

ఎవులాలియా ఏప్రన్‌లోంచి కొమ్మ తీసి చూసుకుంది. మొహం చిన్నబోయింది.

"అయితే ఇది నాదే కదా. నా కొమ్మ నేను తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుతుంది? ఇక ఇది బతకదు."

ఫెర్మిన్ వీధివైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"దొంగ! దొంగ! మా చబేలా గులాబీని ఎత్తుకుపోతోంది, పట్టుకోండి!"

కిటికీలు తెరుచుకుంటుంటే, ఎవులాలియా కొమ్మని గుండెకి హత్తుకుని నవ్వుతూ ఇంటికి పరుగెత్తింది.