మునిగిన ఊరి బొమ్మ

"పక్కింటావిడ ఏమంటోందో తెలుసా? నీ మ్యూజియంలో నేలమీద మన ఊరి బొమ్మ పెడుతున్నావు చూడు, అందులో వాళ్ళిల్లు కోళ్ళగూడంత ఉందంట. నువ్వు మా అక్క కూతురివని నన్ను పట్టుకుని దులిపేసింది."

"ఆవిడ ఇల్లు ఆవిడే చేసింది పిన్నీ. ఎవరిల్లు వాళ్ళే మట్టితో చేసి, ఎక్కడుండేదో అక్కడ పెట్టమన్నాను."

"మరి ఆవిడేమంటోందంటే..."

"అమ్మాయ్, లోపలికి రావచ్చా?"

"రా టైలర్ మామా. సమయానికొచ్చావు. నీ ఇంటికి మేడ ఎక్కడిది?"

"వేద్దామనుకున్నాను. ఈలోగా రిజర్వాయరొచ్చి ఊరు మునిగింది. అనుకున్నది చరిత్ర కాదా?"

"కాదు. సరే, పెంటకుప్ప ఎక్కడుండేది? ఎవరినడిగినా మాకు తెలీదంటున్నారు. అంత శుభ్రమైన ఊరా మనది?"

"మా వీధిలో లేదు."

"మా వీధిలో అసలే లేదే అమ్మాయ్. టైలరన్నయ్య ఇంటి వెనకే..."

"నా ఇంటి వెనకా? ఏం చెల్లెమ్మా, ఇదేం అన్యాయం!"

"చాల్లెండి. మధ్యాహ్నం కమిటీవాళ్ళొస్తారు. ఈలోపు ఇళ్ళన్నీ గమ్ముతో అతికించేయాలి. అతికించాక ఇక కదలవు."

"అన్నీనా?"

"అన్నీ. ముందు నీదే. చెయ్యి తియ్యి పిన్నీ."

"నా చెయ్యేం చేసిందే?"

"దాని కింద ఏముంది?"

"ఏముంటుంది. ఇల్లు."

"నీ ఇల్లు మా అమ్మ ఇంటి పక్కనేం చేస్తోంది? వాగు అవతల కదా నువ్వుండేది!"

"అవతలంటే మరీ అంత అవతల కాదు."

"మొన్న నేనే దగ్గరుండి అవతల పెట్టించాను. నిన్న చూస్తే వాగు మధ్యలో ఉంది. ఇవాళ ఈ ఒడ్డెక్కేసింది. ఈదుకుంటూ వచ్చిందా?"

"ఎవరో జరిపుంటారు. ఊడ్చేవాళ్ళో, టైలరన్నయ్యో..."

"మధ్యలో నన్ను లాగకు తల్లీ. నా మేడ గొడవే నాకుంది."

"అయినా పిన్నీ, నువ్వూ మా అమ్మా కలిస్తే ఒక్క పూట పోట్లాడకుండా ఉండరు. పక్కపక్క ఇళ్ళెందుకు?"

"పోట్లాడాలన్నా పక్కనుండాలి కదే. ఒకే ఊరికి కోడళ్ళమై వెళ్ళాం. అక్కడ చూస్తే వాగు అడ్డం. ఊరు మునిగి ఇక్కడికొచ్చాక చీటీలు తీసి ఇళ్ళిచ్చారు. మీ అమ్మకి ఆ చివర, నాకీ చివర. అక్కకి మోకాళ్ళ నొప్పి, నాకు నడుము నొప్పి. కలిసి ఉండటానికి ఇంకెక్కడుందే చోటు, ఈ బొమ్మలో తప్ప?"

"పిన్నీ..."

"పెట్టనివ్వమ్మా, వాగు అవతల ఎవరు చూడొచ్చారు?"

"మామా, నువ్వూరుకో. మీరేం అడిగితే అది చేశాను. అద్దాల పెట్టెలొద్దు, కూర్చోడానికి అరుగు కావాలన్నారు. హాలు చుట్టూ కట్టించాను. ఫ్యాన్లన్నారు, మంచినీళ్ళన్నారు, పెట్టించాను. ఇదొక్కటీ అడక్కు పిన్నీ. రేపు ఊరిని చూడని పిల్లలొస్తారు. వాళ్ళకి ఇదే ఊరు. నచ్చినట్టు జరుపుకుంటే ఎలా? ఉన్నది ఉన్నట్టు పెట్టాలి."

"ఉన్నది ఉన్నట్టా?"

"అవును. ఉన్నది ఉన్నట్టే."

"అయితే గమ్మెందుకే? నిండా నీళ్ళు పొయ్యి."