లైటుకెత్తి చూసిన ట్యూబు

"పెద్ద గొప్పేం కాదు లెండి. రక్తం ట్యూబు లైటుకెత్తి చూస్తే ఎవరికి కీళ్లవాతం రాబోతోందో నాకు కాస్త తెలిసిపోతుంది, అంతే," అన్నాడు ల్యాబులో రక్తం తీసే అతను, పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

"అది మిషను చెప్తుందిగా," అన్నాడు టీ కొట్టాయన.

"మిషనా! నొప్పి మొదలవకముందే రక్తంలో చేరే గుర్తుల్ని పట్టడానికి దానికి గంట కావాలి, నాకు రెప్పపాటు చాలు. మొన్న ఒకావిడ ట్యూబు చూసి మూడేళ్లలో మోకాళ్లు పట్టేస్తాయన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా మూడేళ్లకి పట్టేశాయి!"

"మొన్న చూస్తే అప్పుడే మూడేళ్లెలా అయ్యాయి?" అన్నాడు ఆటో డ్రైవరు.

"మాటవరసకి మొన్నన్నాలేవయ్యా, అడ్డు రాకు! ఇంకో కుర్రాడిది చూసి, నీకు కాదు, నీ మనవడికొస్తుందన్నా. హడలిపోయి వాడు పెళ్లే మానేశాడు. మనవడూ లేడు, జబ్బూ లేదు! అది విని నలుగురు పెద్ద డాక్టర్లు విమానమెక్కి వచ్చి నా కళ్లజోడు పరీక్షకి పట్టుకెళ్లారు. బల్ల మీద పెట్టారో లేదో, ఆ గదిలో కుర్చీ కాళ్లకి వాతముందని అదే చెప్పేసింది!"

అందరూ పగలబడి నవ్వారు, బల్ల చివర కూర్చున్న టైలరక్క తప్ప. వారం రోజులుగా పొద్దున లేస్తే ఆవిడ గుప్పిట గంటసేపు మూసుకోవట్లేదు. కీళ్లవాతం పరీక్షకే ఉదయం రక్తమిచ్చి, రిపోర్టు కోసం ఎదురుచూస్తోంది.

"తమ్ముడూ, ఈ వేళ్లు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. నా ట్యూబు చూశావా?"

అతని నోరు ఊరుకుంటే కదా. "చూడకపోవడమేంటక్కా! మొదటి వరసలో మొదటిది నీదే. రెండేళ్లలో ఎడమ చూపుడువేలు, ఆపైన మణికట్టు. కంగారు పడకు, ఇంకోసారి గుడ్లురిమి చూశానంటే జబ్బే జడుసుకుని వెనక్కి పోతుంది!"

అక్క ఎడమ చూపుడువేలుని కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది.

అప్పుడే ల్యాబు మేడం కవరు పట్టుకుని మెట్లు దిగింది. "మొదటి వరసలో మొదటిదా? అది మనిషిదే కాదయ్యా. మిషను సరిగ్గా చెప్తోందా లేదా అని రోజూ ముందుగా పెట్టి చూసే కంపెనీ ట్యూబు. దాని చూపుడువేలు ఎక్కడుందో కాస్త చూపించు!"

టీ కొట్టాయన నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. మేడం అక్క వైపు తిరిగింది. "మీ రక్తంలో ఆ గుర్తులేం లేవండీ. అయినా వేళ్లు ఎందుకు బిగుస్తున్నాయో డాక్టరుగారికి చూపించుకోండి."

"అమ్మయ్య!" అక్క కళ్లు తుడుచుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆవిడకి.

"చూశారా, నేను చూసిన దెబ్బకి పారిపోయింది!" అన్నాడు ఇతను, ఏమాత్రం తగ్గకుండా.

"అలాగేలే తమ్ముడూ," అక్క నవ్వుతూ చీర చెంగు తీసి మోచేయి చూపించింది. "మరి పొద్దున నరం కనబడక ఇక్కడ మూడుసార్లు పొడిచావే, అప్పుడా చూపు ఎక్కడ పెట్టావు?"