అనాస తినని గురువారాలు

టీ వేళ, తైనాన్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో, ఆఖరి ఏడాది చదువుతున్న కుర్ర డాక్టరు హెడ్ నర్సు ముందు ఒక కాగితం పెట్టాడు.

"ఒక్క సంతకం అక్కా. శుక్రవారంలోగా పరిశోధన ఇవ్వకపోతే నన్ను పరీక్షకి కూర్చోనివ్వరు."

"దేనిమీద?"

"డ్యూటీలో అనాస తింటే రోగులు పెరుగుతారన్నది వట్టి మూఢనమ్మకమని."

"తైపే పిల్లాడివి, నీకేం తెలుసు. మా తైవానీలో దాని పేరెత్తితే 'కళకళలాడు' అని దీవించినట్టే. ఆసుపత్రి కళకళలాడితే మన గతేమిటి? ఇక్కడెవరూ దాన్ని ముట్టరు."

"నేను ముట్టానక్కా. రెండు నెలలు ప్రతి మంగళవారం అనాస కేకు తిన్నాను."

"నా మంగళవారాలు మంటగలిపింది నువ్వా?"

"గురువారాలు తినలేదు, అయినా అంతే రద్దీ. అంటే అనాస తప్పేం లేదు. గురువారాలు ఎవరూ తినలేదని మీరు సంతకం పెడితే చాలు."

హెడ్ నర్సు కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. మోకాలితో సొరుగు మెల్లగా లోపలికి తోసింది.

"గురువారాలు కొట్టెయ్యి."

"ఎందుకక్కా?"

"మా అత్తగారు బుధవారం సాయంత్రం అనాస కేకులు పంపుతుంది. ఇంట్లో ఉంచితే పిల్లలు మిగల్చరు. బుధవారాలు ఎవరూ తినలేదు, దానికైతే పెడతాను."

"బుధవారాలు రోగులు సగమే అక్కా."

ఇద్దరూ సొరుగు వంక చూశారు.

"అయితే మూఢనమ్మకమన్న మాట తీసెయ్యి," అంది ఆవిడ సంతకం పెడుతూ. "తిన్నవాళ్ళ పేర్లు కూడా."