విలాయతి బందూకుకు దేశవాళి సూది

చాయ్ వద్దు మేడం. ముందుగాల నాకొక్క మాట చెప్పుండ్రి. తుపాకులు సూసే మీ సారు ఏం మనిషి? బందూకు చేతుల వట్టుకున్నడో లేదో, అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, "ఓకే" అన్నడు, పోయిండు! గట్లనా సూసేది? పెండ్లిపిల్లను సూడవోయినోళ్ళు గూడ గింతకంటె ఎక్కువ సూస్తరు, నాలుగు వంకలు వెడ్తరు.

అయ్యో, లంచం గిట్ల కాదు! మీరు కూసోండ్రి.

మా పటేలు జిరాక్సులకు చౌరస్తకు పోయిండు. గీ వానకు కరెంటు పోయుంటది, జర ఆలిశమైతది. గందుకే గిప్పుడే చెప్తున్న. ఆయన వచ్చినంక నా నోట్లె నాలుకుండదు. అదో, మీ నల్ల వానకోటు మేకుకు తగిలిస్తిరి గద, నీళ్ళన్ని కింద కాయిదాల మీద కారుతున్నయి. ఉండనియ్యిండ్రి, అవి ఎన్నడో తడిసినయి.

పేరా? పెనిమిటి పేరు నా నోటెంబడి చెప్పిస్తరా? లైసెన్సుల రాసున్నది సూడుండ్రి. ఆఁ, గదే. ఇంద్రకరణ్. మీరే చదివిండ్రు, నేననలే.

నన్ను లలితమ్మ అంటరు. హవేలిఘనపూర్ల మాకు ఎవుసం. గీ విలాయతి బందూకు మా మామ కొన్నది. దసరాకు దీనికి పసుపు, కుంకుమ, జమ్మి ఆకు. ఆదివారం వచ్చిందంటె అర్రల పేపరు పరుస్తడు, దేనికది ఇప్పుతడు, నూనె రాస్తడు, మళ్ళ బిగిస్తడు. పెండ్లయిన కాన్నించి నా నెత్తికి ఒక్కనాడన్న నూనె రాసిండా? అడుగుండ్రి, వస్తడు గద.

పోయిన కార్తీకంల గట్లనే ఇప్పి పెట్టిండు. బిగించేటాల్లకు లోపటి సూది లేదు! ఏలంత గూడ ఉండదు. గని అది పోయి తాకితెనే గుండు పేలుతది. ఇల్లంత ఆగమాగం. చాపలు దులిపిండు, మంచం జరిపిండు, నన్ను తిట్టిండు, పిల్లిని తిట్టిండు. నేను టార్చిలైటు వట్టుకొని ఎనుకెనుక తిరిగిన.

సూది లేని బందూకు దేనికి? కుక్కలను అదిలియ్యనీకి. పనిచెయ్యని దానికి లైసెన్సు రెన్యువల్ కాదని మీకంటె ముందున్న సారు ఖుల్ల చెప్పిండు. బయటి దేశం నించి సామాను తెప్పియ్యద్దు, మన దేశంల తయారయిందే, లైసెన్సున్న దుకాణంలనే, బిల్లుతోని ఏపిచ్చుకొని రావాలె అన్నడు.

గా రూలు ఎవలు రాసిండ్రో గని, ఆయన కడుపు సల్లగుండ! ఇంటికి పోంగనే దేవునికి కొబ్బరికాయ కొట్టిన. "సూది దొరకాలెనని మొక్కినవా?" అన్నడు మా పటేలు. "మొక్కిన" అన్న. ఏమని మొక్కిననో ఆయన అడగలే, నేను చెప్పలే.

ముందు బస్టాండు ఎనుక లేత్ మిషన్ హకీం దగ్గరికి పోయిండు. హకీం రెండు చెవులు వట్టుకున్నడు. "తోబ తోబ, పటేల్ సాబ్! బోరు మోటరుది ఏదడిగినా చేస్త. బందూకుది ముడితె నేను జైలుకు పోత, మీరు నాకు తోడొస్తరు" అన్నడంట. మంచిగన్నడు. వాని పెండ్లాం మజీదాకు ఆ దినమే ఒక గిన్నె గారెలు పంపిన.

ఇగ పట్నం మొదలువెట్టిండు. బస్సెక్కుడు, దుకాణం ఎనుక దుకాణం తిరుగుడు. ఒకడు "గీ మోడలుది మన దేశంల ఎవ్వలు చెయ్యరు" అన్నడంట. ఇంకొకడు "గోడకు ఏలాడదీసి దండెయ్యి" అన్నడంట. మొఖం ఏలాడేసుకొని ఇంటికొస్తె పాపమనిపిస్తుండె మేడం, అబద్ధమెందుకు? పచ్చిపులుసు చేసి పెడ్తుంటి. లోపట మాత్రం మస్తు ఖుషీ.

గాడనే నేను మోసపోయిన. మన దేశంల ఏం చేస్తరు తియ్యి, అని నిమ్మలంగున్న. శ్రావణం రాంగనే దుకాణమాయన ఫోను చేసిండు. "పటేల్ సాబ్, మన దేశంలనే చేసిన సూది వచ్చింది, మీ దానికి అచ్చం పడ్తది!" చంద్రుని మీదికి రాకెట్టు పంపినోళ్ళు సూది చెయ్యలేరా? నా బుద్ధికి ఎందుకు తట్టలేదో!

ఇగో, గట్ల గీ దినం మీ టేబులు మీద ఉన్నది. ఇగ మీ సంతకమే తక్కువ. చెయ్యకుండ్రి మేడం. గంతే, గిది అడగనీకే వచ్చిన.

ఎందుకా?

చెప్త. గని పోలీసులకు కాదు. గా టోపీ జర పక్కకు పెట్టుండ్రి. ఆఁ. గిప్పుడు నా కడుపుల పుట్టిన బిడ్డ లెక్కున్నవు. ఆశ్రిత గద నీ పేరు, బయట బోర్డు మీద చదివిన. ఇను బిడ్డా.

పోయినేడు వరి పొట్టకొచ్చినప్పుడు అడవి పందులు ఎకరాలకెకరాలు తొక్కినయి. పందులను కొట్టనీకి మా పటేలు పేరు రాసి సర్పంచు కాయిదమిచ్చిండు. ఎన్కట ఆయన గురంటె గురే. గిప్పుడు? రెండు కండ్లల్ల పొర. దవాఖానకు పోదమంటె, "నాయి డేగ కండ్లు" అంటడు. గా డేగ మొన్న చక్కెర అనుకొని చాయ్ల ఉప్పు ఏసుకున్నది!

దసరా పోయినంక ఒకనాడు పొద్దుపొడవంగ పొలం కాడికి పోయి, గట్టు మీద నల్లగ ముద్దలెక్క ఏదో కనవడితె కొట్టిండు. ఇంటికొచ్చి, "తప్పిచ్చుకొని ఉరికింది, మస్తు పెద్ద పంది" అన్నడు. కాళ్ళకు నీళ్ళిచ్చిన.

పగటాల్ల కుర్మ బీరయ్య ఎనుక తలుపు కొట్టిండు. గొర్లు మేపుకునే మనిషి. గొంగడి ఇప్పి చూపెట్టిండు బిడ్డా. ఇటు నించి ఏలు పెడితె అటు ఎల్లింది. పొద్దుగాల సలికి గొంగడి కప్పుకొని గట్టు మీద కూసున్నడంట. గుండు బుజం పొంటి పోయింది. తోలు గూడ గీక్కపోలే. ఇద్దరం గడప మీదనే కూలబడ్డం.

ఏమన్నడో ఎరుకనా? "పటేలుకు చెప్పకమ్మా. మనిషిని కొట్టిన్నని తెలిస్తె బత్కడు" అన్నడు. సచ్చేటోడు తప్పిచ్చుకొని వచ్చి, సంపేటోని పానం గురించి అడుగుతున్నడు! కొత్త గొంగడి కొనిచ్చిన. పాతది నా దగ్గరనే ఉన్నది. మా పటేలుకు గా పంది గిప్పటికీ పందే.

ఉండు, కొంగు ముడి ఇప్పనియ్యి. ఇగో. గట్ల చూడకు, కరవదు.

విలాయతి సూది. కార్తీకం సంది మా పోపుల డబ్బల, మెంతుల కింద ఉన్నది. వంటింట్ల నాది నేను దాసుకుంటె ఎవలడుగుతరు? అర్రల ఊడ్సుకుంట ఊడ్సుకుంట పేపరు మీదికెళ్ళి తీసిన. ఆయన ఎతికేటప్పుడు గిది నా రొండిల్నే ఉండె. లైటు కావాల్నని ఉత్త మూలలకు కొట్టిన. నవ్వాపుకోలేక సచ్చిన బిడ్డా, నిజం.

ఆఖరికి మోకాళ్ళ మీద వంగి, అరచేత్తోని నేలంత తడుముకుంట వచ్చిండు. నా కాలి మెట్టె చేతికి తాకింది. గట్టిగ వట్టుకొని, "దొరికింది!" అన్నడు.

గప్పుడు నవ్వు రాలే.

గిది నీ దగ్గర జమ చేసుకో. నా మీద కేసు పెడ్తవా, పెట్టు. గొంగడి ఊసు మాత్రం గీ రూములనే ఉండనియ్యి. కండ్ల పరీక్షకు పంపుత అంటవా? వద్దమ్మా! పంపితె ఊరంతా ఒకటే మాట, ఇంద్రకరణ్ పటేలు గుడ్డోడైండని. అయ్యో, పేరు చెప్పిచ్చినవు సూడు నాతోని!

మనిషి ఫెయిలయిండని రాయకు. బందూకు ఫెయిలయిందని రాయి. గీ దేశం సూది గా దేశం దానికి పడ్తలేదను. బందూకు పోతె నాలుగు దినాలు తినడు, అయిదో దినం పచ్చిపులుసు అడుగుతడు. గురి పోయిందంటె ఇగ మంచం దిగడు. నలభై ఏండ్ల సంది చూస్తున్న, నాకెరుక.

తప్పు రాత రాయనంటవా? రాయకు మరి. చేతులున్న పెన్ను మూసిపెట్టు, చాలు. మిగిలిన అబద్ధం నేనాడ్త, నాకు అలవాటే.

అగో, చెప్పుల సప్పుడు. సూది గుప్పిట్లె దాసుకో!

ఏమయ్యా, మొత్తం తడిస్తివి గద! కాయిదాలు అంగి లోపట పెట్టుకున్నవా? మంచిది, రా. మేడం ఈడనే ఉన్నది, నీ గురించే చెప్తున్న.

అయ్యో.

నీ చెవుల చెప్తున్న, సూస్తివా బిడ్డా? మేకుకున్న నీ కోటుకు దండం వెడ్తుండు.

నవ్వకు. నీ కాళ్ళు మొక్కుత, నవ్వకు. సప్పుడు చెయ్యకుంట లేసి, జర గా కోటు పక్కన పోయి నిలవడు. పెట్టిన దండం వట్టిగ పోవద్దు.