ఈరప్ప తోలిన ఎద్దులు

ఏం సుబేదారు, ఏం గుర్రం! ముప్పై ఎనిమిదేండ్లు ఆ కత శానా బాగా చెప్పినావు. నువ్వేమో చర్చి వెనక ఈ సమాధిలో హాయిగా పండుకోనుండావు. నవ్వుల పాలయ్యేది నేను!

నిన్న ప్రార్థన అయినాక హైదరాబాదు నుంచి ఒక పాప వచ్చింది. సుప్రజంట పేరు. పాత పటాలాల మీద పుస్తకం రాస్తాందంట. "ఈరప్పగారి వంశం వాళ్లు ఎవరండీ?" అనింది. నేనూరుకుంటానా? "మేమేనమ్మా! మా ఆయన ముత్తాతకు నాయన. దొరల పటాలంలో సుబేదారు. గుర్రమెక్కి కత్తి తిప్పితే..." అని నువ్వు చెప్పినట్టే చెప్పినా. చెయ్యి గూడా తిప్పినా.

ఆ పాప మెల్లగా ఒక పాత పటాలం కాగితం తీసి చదివింది.

సుబేదారా? ఎద్దులు తోలేటోడంటప్పా! పటాలం వెనక మూటలు మోసే ఎద్దులు, ముప్పై. దొరల గుడారాలు, బ్రాందీ సీసాలు, అన్నీ వాటి వీపు మీదనే. తుంగభద్ర కాడ నీళ్లు చూసి బెదిరి, వెనక్కి తిరిగి ఊరి దోవ పట్టినాయంట. "ఓయ్, ఓయ్" అనుకుంటా వాటెనక ఈరప్ప. ఈరప్ప ఎనక ఒక దొర, చొక్కా లేకుండా. స్నానానికి దిగినాడంట పాపం, బట్టల పెట్టె ఎద్దు మీద ఉండిపాయె!

పదకొండు ఎద్దులు దొరికినాయంట. బ్రాందీ సీసా ఒక్కటీ దొరకలేదంట. మీ వంశం గాదూ?

చర్చంతా ఒకటే నవ్వు. ఏసుమణి కుర్చీ పట్టుకోని నవ్వింది. పాస్టరయ్య దగ్గు వచ్చినట్టు నటించినాడు. ఇంటికొచ్చినాక మన అరుణ్ కుమారు, "అమ్మా, నాయన సమాధి మీద సుబేదారు వంశమని చెక్కించినాం గదా, చెరిపిద్దామా?" అన్యాడు.

"చెయ్యి ఇరుగుతాది జాగర్త" అంటి.

ఎందుకంటావా? ఇంగొకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. ఇదంతా నాకు ముందే తెలుసు. పెండ్లయిన నెలకే మీయమ్మ చెప్పింది, చింతపండు కొడతా కొడతా. "వానికి చెప్పొద్దు పాపా. వాళ్ల తాత మాట నిజమనుకోనుండాడు" అనింది.

పగలంతా బేతంచెర్లలో నాపరాళ్లు మోసి, నడుము పట్టుకోని వస్తాంటివి. ఆ కత చెప్పేటప్పుడు మాత్రం నడుము నిటారుగా నిలబడేది. ఆ ఒక్కటి గూడా నీకు లేకుండా ఎట్ల చేసేదప్పా?

మీయమ్మకిచ్చిన మాట ఇన్నేండ్లు నిలబెట్టినా. ఈపొద్దు నోరు జారింది. ఏం చేస్తావు, లేచొచ్చి తిడతావా?

రా, తిట్టిపో. శానా దినాలాయె నీ తిట్లు తిని.