కొత్త ఆలోచన

2012, ఫిజీలోని వాయినికోరో. రాజ్యాంగ కమిషన్ ఊళ్ళో పెట్టిన సభ నుంచి మనవరాలు ఇంటికొచ్చేసరికి తాత వరండాలో తాగడానికి యంగోనా వేరు పొడి నీళ్ళలో పిసుకుతున్నాడు.

"రాసేశారా రాజ్యాంగం?"

"రాసే ముందు జనాన్ని అడుగుతారంట తాతా. మా కాలేజీ వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు."

"తొంభై అయిదులో ఇలాంటి కమిషనే వచ్చి మమ్మల్నీ కూర్చోబెట్టింది. మన యంగోనా తాగి, మర్యాదకి మూడు చప్పట్లు కొట్టి పోయారు. నువ్వేం అడిగావు?"

"చెరకు పొలం లీజు అయిపోతే రైతు ఎక్కడికి పోవాలో అందులో రాయమన్నాను."

"అది అప్పట్లో నేనడిగిందే."

"నీ ట్రంకుపెట్టెలో కాగితమే చదివాను. తేదీ ఒక్కటే మార్చాను."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"కనిపెట్టడమా? ఈ కాలం పిల్లలు ఎంత కొత్తగా ఆలోచిస్తున్నారో అని కమిషన్ పెద్దాయన మురిసిపోయాడు."

"అయితే దాన్ని చెదలు పట్టకుండా పెట్టెలో పెట్టు. నీ మనవరాలు చదువుతుంది."