ఏడవ తాత పేరు తాళం కాదన్న ఊల్కాన్ షర్షెనోవా గారికి

1986 ఆగస్టు 11వ తేదీ సోమవారం ఉదయం, పందొమ్మిదేళ్ల వయసులో నారిన్ పట్టణపు తంతి కార్యాలయంలో ఆపరేటరుగా చేరిన శ్రీమతి ఊల్కాన్ షర్షెనోవా గారు, ముప్పై తొమ్మిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున మన ‘కర్లిగాచ్’ సంస్థ నుండి వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. యాజమాన్యం వెలువరించిన వీడ్కోలు పత్రంలో వారిని గురించి నాలుగు పంక్తులున్నాయి. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పవలసినదీ ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చడానికే మన ఉద్యోగుల సంఘం ఈ సంచికను తన సొంత పూనికతో ప్రచురిస్తున్నది.

ఆనాటి తంతి ఉద్యోగులు చేరిననాడే ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేసేవారు: తమ చేతికి వచ్చిన వార్త, చేరవలసినవారికి తప్ప మరెవరికీ చేరరాదని. చాలామందికి అది కాగితం. ఊల్కాన్ గారికి అది స్వభావమయింది. వివాహమైన రెండవ సంవత్సరంలో ఒక సాయంకాలం, ఓష్ నుండి అత్తవైపు బంధువులు ఆరుగురు మరునాడే వస్తున్నారన్న తంతిని వారే స్వయంగా అందుకొన్నారు. ఇంటికి వెళ్లారు, వండారు, తిన్నారు, పడుకొన్నారు; అత్తగారితో ఒక్క మాట అనలేదు. ఉదయం తంతి బంట్రోతు ఇంకా గుమ్మంలో ఉండగానే చుట్టాల బండి వచ్చి ఆగింది. ఇంట్లో పిండి కూడా తడిపి లేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఎందుకు చెప్పలేదని అత్తగారు నిలదీస్తే, “తంతి మీ పేరున వచ్చిందత్తయ్యా, నా పేరున కాదు” అన్నారట. ఆ అత్తగారే తరువాతి కాలంలో తన మనసులోని మాటలను కన్నకూతుళ్లకు కాక ఈ కోడలికే చెప్పుకొనేవారని వారి కుటుంబసభ్యుల వలన విన్నాను.

1998లో బిష్కెక్ కేంద్ర తంతి కార్యాలయానికి బదిలీ అయి, తంతికి రోజులు చెల్లిన తరువాత, 2012లో వారు అప్పుడే ఆరంభమైన మన సంస్థలో చేరారు. ఫోనులో సందేశాలు మోసే సంస్థకు నమ్మదగిన ముఖమొకటి కావలసివచ్చింది. ఊల్కాన్ గారి ఛాయాచిత్రాన్ని బస్సుల మీద అతికించి, కింద “మీ మాటను మేము కూడా చదవలేము” అని రాయించారు. సందేశాలకు వేసిన తాళం విషయంలో ఆ వాక్యం నిజమే. తాళంచెవిని ఎక్కడ పెట్టారన్నది మాత్రం ఏ బస్సు మీదా రాయించలేదు.

మూడేళ్ల క్రితం, పాస్‌వర్డ్ మరచిపోయినవారిని గుర్తుపట్టడానికి మన సంస్థ ఒక ప్రశ్నను ఎంచుకొంది: మీ ఏడవ తాత పేరేమిటి? ఏడు తరాల తాతల పేర్లు వల్లించలేని బిడ్డ ఉంటే మనలో తండ్రికి తలవంపు. పెళ్లి మాటలనాడు ఇరుపక్షాల పెద్దలూ ఆ పేర్లను పైకి చదివి, రక్తసంబంధం లేదని తేల్చుకొన్నాకనే చేయి కలుపుతారు. అంటే, పినతండ్రి కొడుకులకూ, వియ్యాలవారికీ, విందుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరును మనం రహస్యమని నిర్ణయించాము. పరదేశపు సంస్థ ఈ తప్పు చేసి ఉండేది కాదు; దానికి మన తాతలు తెలియరు.

ఊల్కాన్ గారు అభ్యంతరం తెలుపుతూ మూడు లేఖలు రాశారు. మూడింటి ప్రతులూ నా వద్ద ఉన్నాయి. జనం తాత పేరు మరచిపోరనీ, మనకు కావలసింది అదేననీ సంచాలకులు ఎల్దియార్ గారు సెలవిచ్చారు. “మరచిపోరు. పక్కవాళ్లూ మరచిపోరు” అని ఊల్కాన్ గారు బదులిచ్చారు. ప్రశ్న మారలేదు.

గత మార్చిలో తలాస్‌లో ఒక యువతి సందేశాలను అత్తింటివారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తెరచి, విందుకు పరచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న బంధువులకు పైకి చదివి వినిపించారు. ఆమె పుట్టింటికి చేరింది. దేశం రెండుగా చీలి వాదించింది: మన సంస్థ ద్రోహి అని సగం మంది, కోడలికి రహస్యాలేమిటని సగం మంది. ఆ సందేశాలలో ఏముందో పత్రికలు వారం రోజులు ఊహించాయి. అది ఎవరికెందుకని అడిగిన పత్రిక ఒక్కటీ నా కంటపడలేదు. తిట్లు మాత్రం బస్సు మీది ముఖానికి తగిలాయి. ఒక ఉదయం మినీబస్సు డ్రైవరు వారిని గుర్తుపట్టి, బండి నిండా జనం వింటుండగా, అక్కగారిని పిలిచినట్టు “ఎజే, మా ఆవిడ నా గురించి వాళ్లక్కకి ఏం రాస్తోందో కాస్త చెబుదురూ, మీరు చదివే ఉంటారుగా” అన్నాడు. “చదవలేదు నాయనా. నువ్వు ఎర్రదీపం దాటావు, అదొక్కటే చూశాను” అన్నారు ఊల్కాన్ గారు. మాకు నవ్వుతూనే చెప్పారు. ఆ మరునాటి నుండి కార్యాలయానికి నడిచి వచ్చారు.

ఏప్రిల్ 4న సంచాలకులు ఒక బహిరంగ ప్రకటన సిద్ధం చేయించారు. మన తాళం పగలలేదనీ, సరైన జవాబు చెప్పినవారికే తలుపు తెరుచుకొన్నదనీ, తన వివరాలను కాపాడుకోవలసిన బాధ్యత వినియోగదారుదేననీ దాని సారాంశం. జనం నమ్మేది ఊల్కాన్ గారిని గనుక కింద వారి సంతకం ఉండాలి. భాష సరిచూడమని అది ముందుగా నా బల్ల మీదికి వచ్చింది. రెండు కామాలు మార్చి పంపాను. ఆ సంగతిని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సంచాలకుల గదిలో నేనూ ఉన్నాను.

“ఐదు నెలల్లో వెళ్లిపోతున్నారు, ఎందుకు ఎజే ఈ తలనొప్పి? సంతకం పెడితే సలహాదారుగా ఉంటారు. మీ పేరూ నిలబడుతుంది, మన పేరూ నిలబడుతుంది.”

“ఆ పిల్ల పేరో?”

“ఆమె పేరు ఇందులో ఎక్కడా లేదు కదా.”

“ఉండక్కర్లేదు. తలాస్ అంతటికీ తెలుసు. నేను దీనిమీద సంతకం పెడితే, తప్పు ఆ పిల్లదేనని నేను చెప్పినట్టు. నీ కలం తీసుకో, ఎల్దియార్.”

ఏప్రిల్ 19న విశ్వవిద్యాలయ సభామందిరంలో జరిగిన బహిరంగ చర్చలో సంచాలకులు ‘సరైన జవాబు’ అన్న మాటను నాలుగుసార్లు ఉచ్చరించారు. వేదికకు ఆహ్వానం లేని ఊల్కాన్ గారు ఆరవ వరుసలో లేచి నిలబడి, తమ పెదనాన్న బిడ్డల ఏడవ తాత పేరు తెలియనివారు చేతులెత్తమని సభను కోరారు. నాలుగు వందల మందిలో ఒక్క చేయి లేవలేదు. “ఇదే మా తాళం. నాకు మూడేళ్లుగా తెలుసు. ఉత్తరాలు రాసి ఊరుకున్నాను, బస్సు మీద నా బొమ్మ ఉండనిచ్చాను. ఆ తప్పు నాది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు” అని చెప్పి కూర్చున్నారు.

పదకొండు రోజులకు ఆ ప్రశ్న తొలగింది. ‘వాడుక సౌలభ్యం కోసం’ అని మన సంస్థ ప్రకటించింది. సలహాదారు పదవి మరొకరికి దక్కింది. మే నెలలో పంపినవారి పేరు లేకుండా తలాస్ చిక్కుడు గింజల సంచి ఒకటి ఊల్కాన్ గారి బల్ల మీదికి చేరింది. ఎవరు పంపారని అడిగాను. త్వరగా ఉడికే రకమని చెప్పారు.

శ్రీమతి ఊల్కాన్ షర్షెనోవా గారు భర్త శ్రీ తెమిర్ గారితోనూ, కుమార్తెలిద్దరితోనూ, మనుమలతోనూ సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా, దీర్ఘకాలం జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. ప్రత్యేకించి వారి కుడిచేతికి ఏ నొప్పీ, ఏ వణుకూ రాకూడదని కోరుకొంటున్నాను. ఆ ప్రకటన మన భవనంలో ఐదుగురి చేతుల మీదుగా సాగింది. దాన్ని ముందుకు జరపని చేయి అదొక్కటే.

— జిపార్ తుర్దుబాయెవా,
భాషా సంపాదకురాలు